ఏటిగట్టు బట్టీ కూలీలకు మన వీధి ఇవ్వాల్సింది బియ్యమా, లెక్కల పుస్తకమా?

గట్టువీధి: ఒడిశా నుంచి ఇటుక కోయడానికి వచ్చిన కుటుంబాలు గట్టు కింద పాకల్లో ఉంటున్నాయి. పోయిన వారం అకాల వానకి పచ్చి ఇటుకంతా కరిగి పని ఆగింది. ఇంటికి 500 వేసుకుని బియ్యం బస్తాలు కొందామని కొందరు, యజమాని బరువు మనమెందుకు మోయాలని కొందరు. ఏమంటారు?

ఆవపొలం: బియ్యం వద్దండి. వాళ్ళ కూలి వెయ్యి ఇటుకల లెక్కన. బయల్దేరే ముందే అడ్వాన్సు తీసుకుంటారు. ఇక్కడ వారం వారం బత్తెం (తిండి ఖర్చు) మాత్రమే ముడుతుంది, మిగతా కూలి సీజను చివర్లో అడ్వాన్సుకి చెల్లు. వానకి కరిగిన ఇటుక చాలాచోట్ల లెక్కలోకే రాదు. మట్టి తొక్కి, కోసి, ఆరబెట్టిన పనంతా సున్నా, ఆ వారం బత్తెం మాత్రం అప్పు పద్దులో పడుతుంది. మనం బస్తా దింపితే "తిండి ఉందిగా" అని మేస్త్రీ బత్తెం కోసేస్తాడు. కొనాల్సింది నోటుబుక్కు. తేదీ, కోసినవి, కరిగినవి, ముట్టిన డబ్బు, ఈ నాలుగు గళ్ళు చాలు. చదువు రాకపోతే రోజూ సాయంత్రం ఇటుక వరసల్ని ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోవాలి.

రేవుకాడ: పుస్తకం సీజను చివరి మాట, పొయ్యి ఇవాళ్టిది. పైగా లెక్క అడిగినోణ్ణి రాత్రికి రాత్రి ఇంకో బట్టీకి పంపేస్తే? బస్తా కాకపోతే పప్పు, నూనె ఇవ్వండి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలువలకి నీళ్ళు ఆపేశాక అడుగున మిగిలే మడుగు నీళ్ళు తాగనివ్వకండి. నలుగురున్న పాకకి రోజూ ఓ 20 లీటర్ల టిన్ను కావాలి. విరేచనాలు పట్టుకుంటే లీటరు మంచినీళ్ళలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఉప్పు అంతకి మించితే ప్రమాదం.

డిపో పక్కిల్లు: బియ్యం కోసం మీరిద్దరూ కొట్టుకోడమెందుకండీ, వాళ్ళ బియ్యం మన రేషన్ డిపోలోనే ఉంది! ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు కింద ఒడిశా కార్డుకీ ఇక్కడ ఇస్తారు, మామూలు కార్డుకి మనిషికి నెలకి 5 కిలోలు, ఉచితం. తేడా కొట్టేది మూడుచోట్ల. అక్కడ సొంతూళ్ళో ఉన్నవాళ్ళు మొత్తం కోటా ఎత్తేస్తే ఇక్కడ మిగలదు, అందుకని వీళ్ళ వంతు వదిలేయమని ముందే ఫోన్ చేయించాలి. కార్డుకి ఆధార్ కలపకపోతే మిషను పేరే చూపదు. ఇక మూడోది వేలిముద్ర: మట్టి పిసికి పిసికి గీతలు అరిగిపోయి ఉంటాయి. చేతులు కడిగి, తుడిచి, పది వేళ్ళూ పెట్టి చూడాలి. కార్డులో పేరున్న ఇంకొకరు వేసినా సరిపోతుంది.

ఆవపొలం: డిపో సంగతి ఒప్పుకుంటాను, పుస్తకం మాత్రం వదలను. అడ్వాన్సు తీరేదాకా కదలనివ్వకపోతే అది వెట్టిచాకిరీ. 1976 చట్టం ప్రకారం ఆ అప్పే చెల్లదు. రేవుకాడ గారి భయం నిజమే, అందుకే అర్జీ వీధి తరఫున ఆర్డీవోకి వెళ్ళాలి, కూలీల పేరుతో కాదు. ఉచిత న్యాయ సలహాకి 15100 నంబరుకి ఫోన్ చేయొచ్చు.

రేవుకాడ: అర్జీ వేశాక ఆ రాత్రి పాకల దగ్గర ఎవరుంటారో కూడా రాయండి మరి. ఈలోగా మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల్ని అంగన్‌వాడీకి పంపితే మధ్యాహ్నం భోజనం దొరుకుతుంది. పెద్దపిల్లల్ని వయసు కాగితం లేదని బడి తిప్పి పంపకూడదు, 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది.

గట్టువీధి: రేపు పొద్దున్నే కార్డులు పట్టుకుని డిపోకి. ఒడియా రాయడం వచ్చినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, ఆ నాలుగు గళ్ళ పేర్లు రాయించాలి.