నీలం సిక్లిడ్ పసుపు రంగులోకి మారుతోంది: ఏ రకం? మగదా, ఆడదా?

ఖమ్మం_అక్వా
అందరికీ నమస్కారం. నాలుగడుగుల ట్యాంకులో మలావీ సిక్లిడ్లు (ఆఫ్రికాలోని మలావీ సరస్సు రంగుచేపలు) పెంచుతున్నాను. షాపులో 'మిక్స్‌డ్ ఆఫ్రికన్' పేరుతో అమ్మే పిల్లల్లోంచి ఒకేలా కనబడ్డవి ఏరి తెచ్చుకున్నాను. అన్నీ లేత నీలం, ఒంటిమీద ముదురు నిలువు చారలు. ఇప్పుడు వాటిలో పెద్దది రంగు మారుతోంది. మొదట మొప్పల వెనక మురికి పసుపు కనబడింది, అది పాకుతూ వీపు రెక్క దాకా వచ్చింది. చారలు వెలిసిపోతున్నాయి. మేత బాగానే తింటోంది, పక్కవాటిని తరుముతోంది కూడా. అయినా జబ్బేమోనని టెన్షన్. షాపాయన డెమసోని అనే రకం అన్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

రాతిగుట్ట
జబ్బు కాదు బ్రదర్, నిశ్చింతగా ఉండండి. మీరు చెప్పినదాన్ని బట్టి అది కెన్యీ, అందులోనూ మగది. శాస్త్రీయ నామం మేలాండియా లొంబార్డోయి, 1977లో వర్ణించారు. సొంత ఊరు మలావీ సరస్సులోని ఎంబెంజి దీవి చుట్టుపక్కల. చాలా సిక్లిడ్లలో మగది నీలంగా మెరుస్తుంది, ఆడది వెలవెలబోతుంది. కెన్యీలో తిరగబడింది: పిల్లలన్నీ నీలమే, ఆడది పెద్దయ్యాకా నీలంగానే ఉంటుంది, మగది ఎదిగే కొద్దీ పసుపెక్కుతుంది. డెమసోని అయితే ఆడా మగా ఇద్దరూ చివరిదాకా నీలం, నలుపు చారలతోనే ఉంటాయి, పసుపు మాటే ఉండదు. సైజు కూడా చిన్నది, మూడంగుళాలు దాటడం అరుదు.

గోదారి_చేపలు
రాతిగుట్ట గారి మాటే నాదీ. చారలు ఎటు ఉన్నాయో చూడటం అలవాటు చేసుకోండి, సగం అనుమానాలు అక్కడే తీరతాయి. తల నుంచి తోక దాకా అడ్డంగా నలుపు, పసుపు గీతలుంటే అది ఆరాటస్. అక్కడ పసుపు ఉండేది పిల్లలకీ ఆడవాటికీ, మగది నల్లబడుతుంది. కెన్యీకి సరిగ్గా ఎదురు! ఒంటిమీద చారల్లేకుండా నిండు పసుపు, వీపు రెక్క అంచున నల్లటి పట్టీ ఉంటే ఎలక్ట్రిక్ ఎల్లో. పసుపు కనబడగానే మగదని ఒకరు, ఆడదని ఒకరు వాదించుకునేది ఇందుకే. ముందు రకం తేలాలి, లింగం సంగతి తర్వాత.

బెజవాడ_మలావీ
రంగు ఒక్కటే చూసి తేల్చేయకండి. ట్యాంకులో బలమైన మగది ఉంటే, దాని భయానికి మిగతా మగవి చాలాకాలం నీలంగానే ఉండిపోతాయి. పెత్తనం చేసే ఆడది కూడా ఒక్కోసారి కాస్త పసుపెక్కుతుంది. కింది రెక్క మీద గుడ్ల లాంటి పసుపు చుక్కలు మగదానికి పెద్దగా, స్పష్టంగా ఉంటాయన్నది నిజమే. కానీ ఆడవాటికీ ఉండొచ్చు కాబట్టి దాన్నే నమ్ముకోలేం.

నేను నమ్మేది వెంట్, అంటే పొట్ట కింది రంధ్రాలు చూడటం. చేపను మెత్తటి వలతో పట్టి, పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో ట్యాంకు నీళ్లు కొద్దిగా పోసి అందులో వదలండి. డబ్బాను పైకెత్తి పట్టుకుని కింది నుంచి ఫోన్‌తో ఫొటోలు తీయండి. పొట్ట కింద, రెక్క మొదలయ్యేచోటికి ముందు రెండు రంధ్రాలు కనబడతాయి. రెండూ ఇంచుమించు ఒకే సైజులో ఉంటే మగది. తోక వైపున్నది పెద్దగా, గుండ్రంగా ఉంటే ఆడది. చేతిలో పట్టుకుని చూడాల్సివస్తే చేయి తడుపుకోండి, పొడి చేతికి చేప ఒంటిమీది జిగురు పొర ఊడుతుంది. రెండంగుళాల లోపు పిల్లల్లో ఇలా చూసినా తేలడం కష్టం.

ఖమ్మం_అక్వా
మీరు చెప్పినట్టే చేశాను అన్నా. పసుపుదానికి రెండూ ఒకే సైజు, మగదే. నీలంవాటిలో ఒకదానికి వెనక రంధ్రం స్పష్టంగా పెద్దది. ఇంకో నీలం చేపను మాత్రం పట్టలేదు. దాని గొంతు ఉబ్బింది, మేత దగ్గరికి రావడం లేదు, రాయి వెనకే ఉంటోంది.

గోదారి_చేపలు
శుభవార్తే కావచ్చు. ఇవి నోట్లో గుడ్లు పొదిగే జాతి. ఆడది గుడ్లు పెట్టి వెంటనే నోట్లోకి తీసుకుంటుంది. నోరు తెరవకుండా దవడను నములుతున్నట్టు మెల్లగా కదుపుతోందా? కదుపుతుంటే గుడ్లున్నట్టే. సుమారు మూడు వారాలు తిండి మానేస్తుంది. మొదటిసారైతే బెదిరి ఉమ్మేయొచ్చు, మింగేయొచ్చు, కాబట్టి వల వేయకపోవడమే మంచిది. గొంతు కాకుండా పొట్ట ఉబ్బి, తెల్లటి దారంలాంటి రెట్ట కనిపిస్తే మాత్రం అది వేరే కథ, వెంటనే ఇక్కడ రాయండి.

రాతిగుట్ట
పిల్లలు బతికితే ఒక్క మాట గుర్తుంచుకోండి. మిక్స్‌డ్ ట్యాంకులో కెన్యీ, రెడ్ జీబ్రా, ఎలక్ట్రిక్ ఎల్లో కలిసి ఉంటే సంకరాలు పుడతాయి. తండ్రి ఎవరో ఖాయంగా తెలియనప్పుడు ఆ పిల్లల్ని 'ప్యూర్ కెన్యీ' అని ఎవరికీ ఇవ్వకండి. అలా చేతులు మారిన చేపల వల్లే ఇక్కడ రోజుకో ఫొటో పెట్టి "ఇదేం రకం?" అని అడగాల్సి వస్తోంది, మనకూ జవాబు దొరకడం లేదు.

ఖమ్మం_అక్వా
ఇవ్వను అన్నా. దవడ కదుపుతోంది, ఇప్పుడే చూశాను. మగది ఆ రాయి దగ్గరికే మాటిమాటికీ వస్తోంది, దాన్ని వేరు చేయాలా?

బెజవాడ_మలావీ
మబునాల్లో (రాళ్ల మధ్య బతికే మలావీ సిక్లిడ్లలో) కెన్యీ మగది బాగా గొడవమారిది. వెంటపడి కొరుకుతుంటే ఆడదాన్ని కదపకుండా మగదాన్నే కొన్నాళ్లు వేరే ట్యాంకులో ఉంచండి. వేరే ట్యాంకు లేకపోతే రాళ్లు ఇంకా పేర్చి, మగది దూరలేనంత ఇరుకు సందులు ఆడదానికి వదలండి. రాళ్లు ఇసుక మీద కాకుండా నేరుగా ట్యాంకు అడుగున ఆనేలా పెట్టండి, ఇవి ఇసుక తవ్వితే గుట్ట కూలుతుంది. మున్ముందు ఒక మగదానికి కనీసం నాలుగు ఆడవి ఉండేలా చూసుకోండి.