‘నైస్’ తెలుగులోకి వచ్చి ఏమైంది?

“నైస్‌గా మాట్లాడి పని చేయించుకున్నాడు” అనే వాక్యంలోని నైస్ ఇంగ్లీషు మాటేనా, అయితే ఈ అర్థం ఇంగ్లీషులో ఎందుకు కనిపించదు అని ఇక్కడ ఒకరు అడిగారు. మాట ఇంగ్లీషుదే, అర్థం మాత్రం మనం ఇచ్చుకున్నది అని నా అభిప్రాయం. అలా ఇచ్చుకోవడం తప్పు వాడుక అనే ముందు, ఇంగ్లీషువారి దగ్గరే ఆ మాట ఎన్ని వేషాలు మార్చిందో చూడాలి.

దీని మూలం లాటిన్‌లోని ‘నెస్కియుస్’. ‘నె’ అంటే కాదు, లేదు. ‘స్కిరే’ అంటే తెలియడం. రెండూ కలిస్తే ఏమీ తెలియనివాడు అని అర్థం. మన ‘అజ్ఞుడు’ కూడా ఇలాగే కట్టిన మాట, కాకపోతే ధాతువులు వేరు. స్కిరే నుంచి సైన్స్ అనే మాట వచ్చింది; మన ‘జ్ఞా’ ధాతువుకు చుట్టాలు ఇంగ్లీషులో వెతికితే ‘నో’ (తెలియు), ‘ఇగ్నరెంట్’ అనేవి దొరుకుతాయి. నెస్కియుస్ పాత ఫ్రెంచిలో ‘నీస్’గా మారి, 1300 ప్రాంతంలో ఇంగ్లీషులో చేరేనాటికి తెలివితక్కువ, మూర్ఖమైన అనే అర్థంతోనే ఉంది. 14వ శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ కాలంలో ఒకరిని నైస్ అంటే అది తిట్టు.

అక్కడి నుంచి ఆ మాట తిన్నగా మంచివైపు నడవలేదు. చపలచిత్తం, విలాసం, అతి సుకుమారం, దేనికీ తృప్తిపడని చాదస్తం అనే అర్థాల మీదుగా వెళ్లి, 16వ శతాబ్దానికి సూక్ష్మమైన, జాగ్రత్తగా తూచి చేసిన అనే అర్థానికి చేరింది. 16, 17 శతాబ్దాల వాక్యాలు కొన్నింటిలో రచయిత తిట్టాడో మెచ్చాడో తేల్చడం పండితులకే కష్టం. న్యాయవాదులు ఇప్పటికీ ‘నైస్ పాయింట్’ అన్నప్పుడు బాగున్న పాయింట్ అని కాదు, వెంట్రుకవాసి తేడా మీద ఆధారపడ్డ పాయింట్ అని వారి ఉద్దేశం. ఇవాళ మనమందరం వాడే ‘బాగున్న, ఆహ్లాదకరమైన’ అనే అర్థం స్థిరపడింది 18వ శతాబ్దం రెండో సగంలోనే.

కొత్త అర్థం వచ్చినప్పుడు సణిగేవారు అక్కడా ఉన్నారు. 1817 చివర వెలువడిన జేన్ ఆస్టెన్ నవల ‘నార్తాంగర్ ఆబీ’లో కేథరీన్ తనకు నచ్చిన ఒక పుస్తకాన్ని నైస్ అంటే, హెన్రీ టిల్నీ ఆ మాటను శుభ్రమైనది అనే అర్థంలో తీసుకుని, అది బైండింగును బట్టి ఉంటుందని ఎగతాళి చేస్తాడు. వాతావరణానికీ నడకకీ అమ్మాయిలకీ అన్నింటికీ ఇదే మాటా అని వెక్కిరించి, మొదట్లో ఇది శుభ్రతకూ సున్నితత్వానికీ చెప్పిన మాట కాబోలు అంటాడు. నాకు నచ్చేది ఇక్కడే. పాత అర్థమే సరైనదని వాదించే ఆయనకు అసలు పాత అర్థం తెలియదు. ఆ మాట మొదటి అర్థంలో చూస్తే, ఆ క్షణాన నైస్ అయినవాడు ఆయనే.

తెలియనితనం ముచ్చటగా మారడం మనకు వింతేమీ కాదు. సంస్కృతంలో ‘ముహ్’ ధాతువుకు తెలివి తప్పడం, భ్రమపడడం అని అర్థం. దాని నుంచి ‘మూఢ’, ‘ముగ్ధ’ అని రెండు రూపాలూ వస్తాయని పాణిని సూత్రమే (8.2.33) చెబుతుంది. ఒకే తల్లి పిల్లలు: మూఢుడు తిట్టుగానే మిగిలిపోయాడు, ముగ్ధ మాత్రం ఏమీ తెలియనిది, అమాయకురాలు, ముచ్చటైనది అనే మెట్లెక్కి ముగ్ధమనోహరం దాకా వెళ్లింది. ఎదురు దిశలో నడిచిన మాటలూ ఉన్నాయి. మాయ, కపటం లేనివాడు అనే మంచి మాటతో కట్టిన ‘అమాయకుడు’ ఇప్పుడు లోకం తెలియనివాడు అనే జాలికి దిగింది. ఇంగ్లీషు ‘సిల్లీ’ కూడా ఒకప్పుడు ధన్యమైన, పుణ్యమైన అనే అర్థంలో ఉన్నదే.

ఇక మన నైస్ సంగతి. “పిండి నైస్‌గా రుబ్బు”, “బట్ట నైస్‌గా ఉంది”, “నైస్‌గా జారుకున్నాడు”, “నన్ను నైస్ చేయకు” అనే నాలుగు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి, నైస్ ఉన్న చోట మెత్తన, నునుపు అనే మాటలను ఊహించి చూడండి. పిండిని మెత్తగా రుబ్బుతాము, బట్ట నున్నగా ఉందంటాము, మెత్తగా మాట్లాడి పని జరుపుకునేవాడిని మెత్తటి కత్తి అంటాము. అంటే తాకితే తెలిసే నునుపును మాటతీరుకూ నడతకూ అన్వయించడం తెలుగుకు ముందునుంచీ అలవాటే. ఆ పీట మీదికే ఇంగ్లీషు మాట వచ్చి కూర్చుంది. రుబ్బడానికి వాడే నైస్‌లో కపటం లేదు, బుజ్జగింపుకు వాడే నైస్‌లో కొంత ఉంది. ఈ తేడా కూడా ‘మెత్తన’లో ఉన్నదే. పైగా ‘నైస్ చేయడం’ అని ‘చేయు’ తగిలించి క్రియగా మార్చుకోవడం పూర్తిగా తెలుగు పద్ధతి.

అందుకే అనువదించేటప్పుడు కొంత జాగ్రత్త కావాలి. “వాడితో నైస్‌గా ఉండు” అని ఇంగ్లీషు ధోరణిలో అంటే వాడితో మర్యాదగా ఉండమని చెప్పడం. “వాణ్ణి కాస్త నైస్ చెయ్యి” అంటే మాత్రం వాడి దగ్గర మనకు కావలసిన పని ఏదో ఉందన్నమాట.