కోలుకుందా, తేరుకుందా?

అందరికీ నమస్కారం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ మీద ఒక వ్యాసం రాస్తున్నాను. 1924 నుంచి 1929 దాకా నడిచిన కాలం గురించి చెబుతూ ‘వైమార్ గణతంత్రం (యుద్ధం తర్వాత జర్మనీలో ఏర్పడిన ప్రభుత్వ వ్యవస్థ) కోలుకుంది’ అన్నాను. చదివిన మిత్రుడు అది కొట్టేసి ‘తేరుకుంది’ అని పెట్టాడు. రెండూ ఒకటే కదా?

— ఒకటి కావండి. జ్వరపడినవాడు కోలుకుంటాడు, అంటే పోయిన సత్తువ తిరిగొస్తుంది. తేరుకోవడం నీళ్ల మాట. పాత నిఘంటువుల్లో బండిరతో ‘తేఱు’. మా అమ్మమ్మ చెరువు నీళ్లు తెచ్చి, కుండ లోపలి వైపు చిల్లగింజ అరగదీసేది. తెల్లారేసరికి మన్ను అడుక్కి దిగి పైన తేట నిలిచేది. ఆ కుండను కదిపినవాడికి ఇక తిట్లే. మీ మిత్రుడి చెవి మంచిది.

— మాస్టారూ, నేను ఒప్పుకోను. 1928కల్లా జర్మనీ పరిశ్రమల ఉత్పత్తి 1913 నాటి స్థాయిని దాటింది. 1925లో పొరుగు దేశాలతో సరిహద్దుల మీద లొకార్నో ఒప్పందాలు, మరుసటి ఏడు నానాజాతి సమితిలో సభ్యత్వం, విదేశాంగ మంత్రి స్ట్రెసెమాన్‌కు ఫ్రాన్సు మంత్రి బ్రియాన్‌తో కలిపి నోబెల్ శాంతి బహుమతి. 1928 మే ఎన్నికల్లో నాజీలకు దక్కినవి 12 సీట్లు. సత్తువ రావడమంటే ఇంకేమిటి?

— అంకెలు నిజమే. అయితే ఆ నీళ్లు ఎలా తేరాయో చూడండి. 1923 నవంబరుకు జర్మనీ డబ్బు మార్కు విలువ పడిపోయి, ఒక డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు. ఆ నెల 15న రెంటెన్‌మార్కు అనే కొత్త డబ్బు దించారు. లక్ష కోట్ల పాత మార్కులిస్తే కొత్తది ఒకటి, అంటే డాలరుకు 4.2. యుద్ధానికి ముందున్న లెక్కే! దాని వెనక బంగారం లేదు, పొలాల మీదా పరిశ్రమల మీదా రాసుకున్న తనఖా ఉంది. నోటు పట్టుకెళ్లి ఆ లెక్కన చారెడు నేల ఇమ్మంటే ఎవరిస్తారు? కానీ ఇంతకు మించి అచ్చువేయబోమని హద్దు గీశారు, జనం నమ్మారు. చిల్లగింజ చేసే పని అదే. నీళ్లు పాతవే.

మడ్డి ఎక్కడికి పోయిందనేది నన్ను ఎక్కువ పట్టి పీడించే ప్రశ్న. జీవితమంతా కూడబెట్టింది తనఖాల మీద అప్పిచ్చినవారికి 1925 చట్టం పాత విలువలో నాలుగో వంతే కట్టబెట్టింది. వెయ్యి మార్కులకు 250. ప్రభుత్వ బాండ్లు కొన్నవారి గతి ఇంకా హీనం. వాళ్లంతా అడుగున ఉన్నారు, ఎటూ పోలేదు. పైగా యుద్ధ పరిహారం చెల్లింపులకు వేసిన 1924 డాస్ పథకం నుంచి దేశం నడిచింది ఎక్కువగా అమెరికా అప్పుల మీద. 1929 అక్టోబరు 3న స్ట్రెసెమాన్ పోయాడు, ఆ నెలాఖరుకే న్యూయార్కు షేర్ల బజారు కూలింది, అప్పులిచ్చినవారు డబ్బు వెనక్కి లాగారు. 1930 సెప్టెంబరులో అదే నాజీలకు 107 సీట్లు.

— కథ బాగుంది మాస్టారూ. కానీ ‘షాకు నుంచి తేరుకున్నాడు’ అని రోజూ పేపర్లో చదివేవాడికి కుండ గుర్తొస్తుందా? ఆ మాటలో నీళ్లు ఎప్పుడో ఇంకిపోయాయి. ఒక్క క్రియ మీద అంత బరువు మోపితే పాఠకుడు దాన్ని మోయడు, దాటిపోతాడు.

— అదీ నిజమే. అందుకే ఆ వాక్యానికి ముందు తేట, మడ్డి అనే మాటల్లో ఒకటి పడాలి. అప్పుడు తడి తగులుతుంది.

— ఇద్దరికీ కృతజ్ఞతలు. కర్మాగారాలకు ‘కోలుకున్నాయి’ ఉంచి, మార్కుకూ గణతంత్రానికీ ‘తేరుకుంది’ వాడుతున్నాను. మడ్డిని బాండ్ల పేరాలో పెడతాను. ఒక చిన్న సందేహం: మా వైపు ఇండుపగింజ అంటారు. మీ చిల్లగింజ అదేనా?

— అదే. బొత్తాం లాగా ఉంటుంది.