నాయనమ్మ వద్దన్న గొట్టాలు ఇప్పుడు తీయించొచ్చా?

కాకినాడ మనవరాలు:
మా నాయనమ్మకి 84 ఏళ్ళు. రెండోసారి స్ట్రోక్ వచ్చి 19 రోజులుగా ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉంది, పిలిస్తే పలకట్లేదు, ఇక కోలుకోదని డాక్టర్లే చెప్పేశారు. తాతయ్య అలాగే పోయినప్పుడు ఎన్నిసార్లు అందో, "నాకు మాత్రం ఈ గొట్టాలు పెట్టించకండ్రా, నా మంచం మీదే పోనివ్వండి" అని. ఆ మాట గుర్తు చేస్తే నాన్న "మా అమ్మని నేనే చంపుకోమంటావా, డబ్బు దండగని తీయించేశాడని ఊరంతా అనుకోదా" అని ఏడుస్తున్నారు. నిజంగా ఇది చంపడమేనా? చట్టం ఒప్పుకుంటుందా?

గుంటూరు వకీలు:
కాదమ్మా. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం మన దేశంలో నేరమే, కానీ ఫలితం లేని చికిత్స ఆపడం వేరు. గౌరవంగా చనిపోవడం రాజ్యాంగంలో జీవించే హక్కు ఇచ్చే ఆర్టికల్ 21 కిందకే వస్తుందని 2018 మార్చి 9న సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జిల బెంచ్ చెప్పింది, 2023 జనవరిలో పద్ధతి కాస్త సులువు చేశారు. లివింగ్ విల్, అంటే నాకు ఇలాంటి చికిత్స వద్దని ముందే రాసిపెట్టే కాగితం, రాయకపోయినా దారి ఉంది, చూస్తున్న డాక్టరుతో పాటు ఇద్దరు స్పెషలిస్టుల బోర్డు చూడాలి, తర్వాత బయటి డాక్టర్ కూడా ఉండే రెండో బోర్డు సరేననాలి, ఇంట్లోవాళ్ళ ఒప్పుకోలు కావాలి. నాన్నగారి ఒక్కరి నెత్తిన పడే నిర్ణయం కాదిది.

మంచానికి కాపలా:
నాకు మాత్రం భయమే. మా పక్కింట్లో ముసలాయన ఆస్తి పంపకాలయ్యాక మందులు కూడా మానేశారు, అందుకే గౌరవం అనే మాట వింటే ముందు ఎవరి కోసం అని అడగాలనిపిస్తుంది. ముంబై కేఈఎమ్ ఆసుపత్రిలో దాడి జరిగి మెదడు దెబ్బతిన్న నర్సు అరుణా షాన్‌బాగ్‌ని తోటి నర్సులు 1973 నుంచి 2015 దాకా ఒంటి మీద పుండు పడకుండా చూసుకున్నారు, ఆమెకి తిండి పెట్టడం ఆపమని వేరేవాళ్ళు పిటిషన్ వేస్తే నర్సులు మేం చూసుకుంటాం అన్నారు, 2011లో సుప్రీంకోర్టు వాళ్ళ మాటే విన్నది. అదీ గౌరవమే కదా. అయితే ఆమెకేం కావాలో ఆమె చెప్పే వీల్లేకపోయింది, మీ నాయనమ్మ నోటితో చెప్పింది, ఆ తేడా నేనూ కాదనను.

వరంగల్ నర్స్:
ఆపడమంటే వదిలేయడం కాదు తల్లీ. ఆయాసం తెలియకుండా మార్ఫిన్ ఇస్తాం, నోరు తడుపుతాం, పక్కకి తిప్పుతాం, ఇంట్లోవాళ్ళని దగ్గర కూర్చోనిస్తాం. ఐసీయూలో అద్దం అవతల నుంచి చూడటం కన్నా నాన్నగారు చెయ్యి పట్టుకుని కూర్చోవడం ఆవిడకి దక్కాలి. పాలియేటివ్ కేర్ డాక్టర్‌ని, అంటే బాధ తగ్గించే వైద్యం చేసేవాళ్ళని, పిలిపించమని అడగండి.

కాకినాడ మనవరాలు:
అందరివీ నాన్నకి చదివి వినిపించా. చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "గొట్టం తీశాక అమ్మకి ఊపిరాడక బాధపడితే ఎవరు చూస్తారు" అన్నారు. రేపు పొద్దున డాక్టర్‌ని ముందు అదే అడుగుతాం.