ఆఫీసులో నోరు పెగలడం లేదు, ధైర్యం ఎలా వస్తుంది?

గాజువాక తమ్ముడు:
అందరికీ వందనాలు. ఆదివారం చర్చిలో సాక్ష్యం గట్టిగానే చెప్తాను, కానీ సోమవారం ఆటోనగర్‌లో ఆఫీసుకి వెళ్లేసరికి క్యారేజీ ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకోవడానికి కూడా పక్కవాళ్లని చూస్తాను. మొన్న మా ఓనరు సరుకు రాకుండానే బిల్లు రాయమన్నారు. రాశాను. అప్పటి నుంచి నిద్ర లేదు.

పెందుర్తి అక్క:
తమ్ముడూ, నిద్ర పట్టలేదంటే నీ మనస్సాక్షి ఇంకా మొద్దుబారలేదు. యేసు శిష్యుడు పేతురు ఒక పనిపిల్ల అడిగితేనే భయపడి యేసుని ఎరగనన్నాడు, అదీ మూడుసార్లు. ఆ పేతురే తర్వాత యెరూషలేములో యూదుల పెద్దల మహాసభ ముందు నిలబడి మాట్లాడాడు. మధ్యలో ఏం జరిగిందో బైబిల్లో యోహాను సువార్త 21వ అధ్యాయంలో చదువు: ప్రభువు తిట్టలేదు, ఒడ్డున నిప్పుల మీద చేపలు పెట్టి, రండి తినండి అని పిలిచాడు. ఆ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది.

కంచరపాలెం అన్న:
అక్క చెప్పింది నిజం, కానీ ఆ బిల్లు సంగతి వదిలేయకు. ఓనరు ఒంటరిగా ఉన్నప్పుడు "సార్, అది రద్దు చేద్దాం, ఇకమీద నేను రాయలేను" అను చాలు, బైబిలు వాక్యాలు వల్లించక్కర్లేదు. నేను పోర్టు దగ్గర ఒక గోడౌన్‌లో ఇలాగే అన్నాను, నాలుగు నెలలకి ఆ పని పోయింది, ఇంట్లో చాలా ఇబ్బంది పడ్డాం, సంఘంవాళ్లే బియ్యం తెచ్చిచ్చారు. అందుకే ముందు మీ ఆవిడతో మాట్లాడు.

గాజువాక తమ్ముడు:
ఇందాకే చెప్పానన్నా. భయపడింది, కానీ వెళ్లి చెప్పమంది. రేపు పదిన్నరకి ఓనరు వస్తారు, ఆ టైముకి నాకోసం ప్రార్థన చేయండి.