మన కాలనీ నీళ్లు తాగదగినవేనా, తెలుసుకునేదెలా? (చర్చ)

మియాపూర్ వాసి: మా అపార్ట్‌మెంటులో జలమండలి నీరు, బోరు నీరు ఒకే సంపులో కలుస్తాయి. ఈ నీటిని ఎక్కడ పరీక్ష చేయించాలో, నమూనా ఎలా తీయాలో, ఖర్చెంత అవుతుందో అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు.

నల్లకుంట పాతకాపు: 1920లో కట్టిన గండిపేట చెరువు నీళ్లు తాగి పెరిగినవాళ్లం మేము. కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లను శుద్ధి చేసే పంపుతారు, చెడేది మన వీధిలోకి వచ్చాకే. నల్లా బంద్ అయి పైపులో ఒత్తిడి తగ్గినప్పుడు, పగుళ్లున్న చోట పక్కనున్న మురుగు లోపలికి చేరుతుంది. మా సందులో నల్లా విప్పగానే మొదటి బిందె బురద రంగులో, వాసనతో వచ్చేది.

కూకట్‌పల్లి కార్యదర్శి: ఇంత ఆలోచన అనవసరం. నీటిలో కరిగిన పదార్థాల మొత్తాన్ని, అంటే టీడీఎస్‌ను, చూపే మీటరు కొనుక్కోండి. మా బోరు నీటికి 900 పైన చూపిస్తే, ఆర్వో పెట్టించాక 40కి దిగింది. అంతకు మించిన పరీక్ష ఏముంటుంది?

విశ్రాంత కెమిస్టు: నీటి పరీక్షల ల్యాబులోనే తల నెరిసినవాణ్ణి కనుక చెబుతున్నాను. ఆ మీటరు నీటి విద్యుద్వాహకతను కొలిచి, కరిగిన లవణాలు ఎన్ని ఉండవచ్చో అంచనా కడుతుంది, అంతే. మురుగు కలిసిన నల్లా నీటికి కూడా అది 200 చూపించవచ్చు. తాగునీటికి భారత ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు, వేరే నీరు దొరకని చోట 2000 వరకు సహిస్తారు. కానీ మలం కలిసిందని చెప్పే ఈ-కోలి బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనిపించకూడదు.

కూకట్‌పల్లి కార్యదర్శి: అంటే మీటరు పట్టుకున్నవాళ్లందరూ తెలివితక్కువవాళ్లా? మా బ్లాకులో ఇన్ని కుటుంబాలు తాగుతున్నాయి, ఒక్కరికైనా విరేచనాలు కాలేదు.

విశ్రాంత కెమిస్టు: కోపం వద్దండీ. ఫ్లోరైడు, నైట్రేటు, మామూలు ఉప్పు, మీ మీటరుకు అన్నీ ఒకటే. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిన బోరు నీటిని పసిపిల్లల పాలలో కలపడం ప్రమాదమని ఆ అంకె చెప్పదు.

తార్నాక గృహిణి: మీరిద్దరూ క్యాన్ల సంగతే ఎత్తలేదు. మా వీధిలో అమ్మే ఇరవై లీటర్ల క్యాన్లకు ఐఎస్ఐ గుర్తు గానీ, ప్యాకేజ్డ్ తాగునీటి ప్రమాణమైన ఐఎస్ 14543 అన్న అంకె గానీ ఉండవు. ఖాళీ క్యానును వెలుతురుకు ఎత్తి చూడండి, అడుగున పచ్చటి పాకుడు పేరుకుని ఉంటుంది.

మియాపూర్ వాసి: అయ్యా, నేనడిగింది పరీక్ష గురించి.

ఉప్పల్ సంఘ సభ్యుడు: నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో చేస్తారు, గుర్తింపు పొందిన ప్రైవేటు ల్యాబులూ ఉన్నాయి. సూక్ష్మజీవుల పరీక్షకు ఇంట్లో సీసా పనికిరాదు, ల్యాబువారిచ్చే స్టెరైల్ (క్రిములు లేకుండా చేసిన) సీసానే వాడాలి. నల్లా మూతిని శుభ్రం చేసి, కాసేపు నీళ్లు వదిలి, సీసా అంచు తాకకుండా పట్టి, ఐసులో పెట్టి అదే రోజు చేర్చండి. సంపులో పడకముందు నల్లా నీరు ఒక సీసా, ట్యాంకు నుంచి వచ్చేది మరొకటి విడిగా ఇవ్వండి. మా దగ్గర క్లోరిన్ పరీక్ష చుక్కలు వేయగానే నల్లా నీరు పసుపెక్కింది, ట్యాంకు నీటిలో రంగే రాలేదు. పైపు చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాల్సిన క్లోరిన్ మా సంపులోనే హరించుకుపోతోందన్నమాట.

కూకట్‌పల్లి కార్యదర్శి: ఆ చుక్కలు ఎక్కడ దొరుకుతాయి? మీటరు మాత్రం పారేయను.