ఎక్సెప్షన్ (ప్రోగ్రాము నడుస్తుండగా వచ్చే తప్పు) పుట్టినచోటే డీబగ్గర్ (ప్రోగ్రామును మధ్యలో ఆపి చూపే సాధనం) ఆగాలా, దాన్ని పట్టే కోడ్ లేనప్పుడే ఆగాలా? (మాట్లాడే ముగ్గురికీ ఇక్కడ ఊళ్ల పేర్లే.)

రాయగడ: ఊళ్ల పేర్ల ఫైళ్లు యూటీఎఫ్-8లో ఉన్నాయి. ఇంగ్లిష్ విండోస్, పైథాన్ 3.11, ఓపెన్‌లో ఎన్‌కోడింగ్ (బైట్లను అక్షరాలుగా చదివే పద్ధతి) ఇవ్వలేదు. "రాయగడ" ఒక్కటే ఉన్న ఫైలు పిచ్చి అక్షరాలుగా వస్తోంది. "బరంపురం" ఉన్నది మొదటి వరుస రాకముందే యూనికోడ్‌డీకోడ్‌ఎర్రర్‌తో (బైట్లను అక్షరాలుగా మార్చలేకపోతే వచ్చే ఎక్సెప్షన్) పడిపోతోంది, ఆ పేరు నలభయ్యో వరుసలో ఉన్నా సరే. పుట్టిన ప్రతి ఎక్సెప్షన్ దగ్గరా ఆపమంటే ఎవరో ట్రై పెట్టి పట్టుకున్న ఇంపోర్ట్‌ఎర్రర్ దగ్గర కూడా ఆగుతుంది. ఎవరూ పట్టనివాటి దగ్గర ఆగితే చాలదా?

బరంపురం: చాలదండీ. మధ్యలో ఎవరైనా 'ఎక్సెప్ట్ వాల్యూఎర్రర్: పాస్' (పట్టి, ఏమీ చేయకుండా వదిలేయడం) రాసి ఉంటే మీ డీబగ్గర్ ఎప్పటికీ ఆగదు. యూనికోడ్‌డీకోడ్‌ఎర్రర్ వాల్యూఎర్రర్ కిందిదే కదా. పైగా అంతా పడిపోయాక చూస్తే ఫ్రేములు (ఒక్కో ఫంక్షన్ పిలుపు వివరాలు), వాటి లోకల్ వేరియబుల్స్ ట్రేస్‌బ్యాక్‌లో (ఎక్సెప్షన్ దాటొచ్చిన దారి జాబితా) మిగులుతాయి గానీ, 'విత్' అప్పటికే ఫైలు మూసేసి ఉంటుంది, ఫైనల్లీలు నడిచిపోయి ఉంటాయి.

పర్లాకిమిడి: "ఎవరూ పట్టనిది" అని ముందే తేల్చడమే కష్టం. సిస్.సెట్‌ట్రేస్ పద్ధతిలో ఎక్సెప్షన్ దాటే ప్రతి పైథాన్ ఫ్రేములోనూ డీబగ్గర్‌కు కబురు వస్తుంది. మూడు ఫ్రేములు దాటితే మూడుసార్లు. ట్రేస్‌బ్యాక్‌లో టీబీ_నెక్స్ట్ (తర్వాతి ఫ్రేముకు లంకె) నన్ (ఖాళీ) అయితే అది పుట్టిన ఫ్రేము. పైన ఎవరు పడతారో అప్పటికి ఖాయం కాదు, ఎక్సెప్ట్ పక్కనున్న టైపు కూడా అక్కడికి చేరాకే లెక్కకొస్తుంది. 3.12లో వచ్చిన సిస్.మానిటరింగ్‌లో రైజ్ (పుట్టడం), ఎక్సెప్షన్_హ్యాండిల్డ్ (పట్టుబడటం), పీవై_అన్‌వైండ్ (పట్టుబడకుండా ఫ్రేము దాటడం) వేర్వేరు ఈవెంట్లు. ప్రతి లైనుకూ కాల్‌బ్యాక్ నడిపే భారం తప్పుతుంది. ఒక్క యూనికోడ్‌డీకోడ్‌ఎర్రర్‌కే పుట్టినచోట ఆపండి, గోల తగ్గుతుంది.

రాయగడ: అలా ఆపితే సీపీ1252 (ఎన్‌కోడింగ్ ఇవ్వకపోతే ఇంగ్లిష్ విండోస్‌లో ఈ పైథాన్ వాడేది) కోడెక్ ఫైల్లో ఆగింది. ఎర్రర్‌లోని 'ఆబ్జెక్ట్', 'స్టార్ట్' చూస్తే తప్పు బైటు 81 (హెక్స్‌లో, అంటే పదహారు అంకెల లెక్కలో).

బరంపురం: అది "పు"లోని కొమ్ము. కొమ్ము బైట్లు ఈ0, బీ1, 81. సీపీ1252లో 81 ఖాళీ, దానికి ఏ అక్షరమూ లేదు. ఇదే ఊరి పేరు ఒడియాలో బ్రహ్మపుర అని రాసినా హలంత (పొల్లు గుర్తు) చివరి బైటు 8డీ, అదీ ఖాళీయే. ఇక ఫైలును 8192 బైట్ల ముక్కలుగా డీకోడ్ చేస్తుంది కాబట్టి నలభయ్యో వరుస తప్పు మొదటి వరుసకే తగిలింది.

పర్లాకిమిడి: "రాయగడ" బైట్లన్నిటికీ సీపీ1252లో ఏదో ఒక గుర్తు ఉంది. అక్కడ ఎక్సెప్షనే పుట్టదు, ఏ సెట్టింగ్ పెట్టినా డీబగ్గర్ ఆగదు. ఓపెన్‌లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాసి, ఇప్పటికే చదివి దాచిన పేర్లన్నీ మళ్లీ చదివించండి.